గాలికి దారి

"ఏమిటిది? టెంటా, కాకి గూడా?"

చేతిపనుల సంత కమిటీ కార్యదర్శి తల పైకెత్తి అడిగాడు. తల ఎత్తినప్పుడల్లా ఆయన నోరు దానంతటదే తెరుచుకుంటుంది. గొడుగులమ్మ స్టూలు మీద నిలబడి గొట్టానికి తాడు బిగిస్తోంది. పైనుంచి ఆ నోట్లోకి చూసి, ఇంత నోరు ఇచ్చిన దేవుడు ఇంకాస్త బుర్ర కూడా ఇస్తే ఆయన సొమ్మేం పోయేది అనుకుంది.

"టెంటే బాబూ."

"నల్లగా ఉందేం?"

"గొడుగు గుడ్డ. నల్లగా కాక ఎర్రగా ఉంటుందా?"

కింద నిలబడి స్టూలు పట్టుకున్న కోడలు ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది. నోరు మూసుకోమని అర్థం. గొడుగులమ్మ ఇలాంటి లాగుళ్ళు పన్నెండేళ్ళుగా చూస్తోంది. పట్టించుకోకుండా ముడి పూర్తి చేసి, మెల్లగా దిగింది.

గొడుగులు బాగుచెయ్యడం ఆవిడ వృత్తి. విరిగిన చువ్వలు మార్చడం, చిరిగిన గుడ్డకు మాసిక వెయ్యడం, జారిపోయే పిడి బిగించడం. జనం ఇక బాగుపడవని వదిలేసి పోయిన గొడుగులు ఇంట్లో మంచం కింద పేరుకుపోయాయి. వాటిలో ఇరవయ్యారింటి గుడ్డ విప్పి, మంచి ముక్కలు ఏరి, వేసవంతా కూచుని ఈ టెంటు కుట్టింది. అంచు మీద అంచు మడిచి రెండేసి వరసల కుట్టు. సూది దిగిన ప్రతి చోటా మైనం రుద్దింది. నాలుగు కాళ్ళకు పాత నీళ్ళ గొట్టాలు. సంత జరిగేది రాతి పలకలు పరిచిన మైదానంలో, మేకు దిగే చోటు లేదు. అందుకని నాలుగు పెయింటు డబ్బాల్లో సిమెంటు పోసి, గొట్టాలు వాటిలో నిలబెట్టింది. పైకప్పు నాలుగు వైపులా వాలుగా దిగుతుంది. నడినెత్తిన పళ్ళెమంత చిల్లు. ఆ చిల్లు మీద, విరిగిన గొడుగు చువ్వల మీద జానెడెత్తున నిలబెట్టిన చిన్న నల్ల టోపీ.

"పైన ఆ చిల్లేమిటి?" అన్నాడు కార్యదర్శి.

"గాలికి దారి."

"గాలికి దారా! టెంటు వేసేదే గాలీ వానా రాకూడదని. దానికి చిల్లు పెట్టిన తెలివి మీ ఒక్కరికే వచ్చింది." వెనక నిలబడ్డ బావమరిది వైపు తిరిగి నవ్వాడు. బావమరిది కూడా నవ్వాడు. బావ నవ్వితే నవ్వడం, బావ దగ్గితే మంచినీళ్ళు అందించడం అతని ఉద్యోగం. దానికి తోడు సంతలో తెల్ల టెంట్లు అద్దెకిచ్చే వ్యాపారం. తెల్ల టెంట్లే వెయ్యాలని కమిటీ తీర్మానించింది. తెల్ల టెంట్లు ఊరంతా వెతికినా బావమరిది దగ్గర తప్ప ఇంకెక్కడా ఉండవు. కమిటీ వాళ్ళు ఎంత ఆలోచించి తీర్మానాలు చేస్తారో అని గొడుగులమ్మకు ఒక్కోసారి ముచ్చటేసేది.

ఆ తెల్ల టెంట్లు వరసగా పదమూడు నిలబడి ఉన్నాయి. పైన దుప్పటి పరిచినట్టు బల్లపరుపు కప్పు. వేలెడు లావు కాళ్ళు. ఎగిరిపోకుండా ఒక్కో కాలి మీద ఒక్కో ఇటుక.  ఆరేసిన దుప్పటికి కూడా ఇంతకంటే గట్టి క్లిప్పులు పెడతారు.

"సార్, కాస్త చూడండి సార్" అంది కోడలు, బల్ల మీద నోటుపుస్తకాలు సర్దుతూ. "తెల్లది అద్దెకు తీసుకునే స్తోమత ఈసారి లేదు. కాగితమంతా ముందే కొనేశాం."

ఆమె చేసేవి చేత్తో కుట్టిన నోటుపుస్తకాలు. కాగితం కూడా ఇంట్లోనే తొట్టిలో గుజ్జు పోసి తీసింది. ఏడాది చాకిరీ. నీటి చుక్క తగిలితే మళ్ళీ గుజ్జే. ఏడాదిలో అమ్ముకోవడానికి ఉన్నవి ఈ నాలుగు రోజులే. గేటు పక్క మూల, పద్నాలుగో నెంబరు, వాళ్ళ చోటు. లోపలికొచ్చే ప్రతివాడూ ముందు చూసేది దాన్నే.

కార్యదర్శి ఒక నోటుపుస్తకం తీసి, వేలు నాలిక మీద తడి చేసుకుని పేజీలు తిప్పాడు. కోడలు కళ్ళు ఆ తడి వేలి మీదే ఉన్నాయి.

"ఈ రోజుల్లో చేత్తో రాసుకునేదెవరమ్మా?" అని పుస్తకం బల్ల మీద పడేశాడు. చంకలో ఉన్న పెద్ద రిజిస్టరు తీసి, కలం విప్పి, చేత్తో రాసుకున్నాడు. "పద్నాలుగు. మొదటి హెచ్చరిక. మూడైతే చోటు పోతుంది. మళ్ళీ ఏ సంతలోనూ ఇవ్వం. పక్కవాళ్ళ దగ్గర్నుంచి ఫిర్యాదు కూడా వచ్చింది, చెప్తున్నా."

"ఎవరు చేశారు?" అంది గొడుగులమ్మ.

"అది మీకనవసరం."

ఆయన వెళ్ళాడు. బావమరిది ఆయన వెనకే వెళ్ళాడు. గొడుగులమ్మ పక్క టెంటు వైపు చూసింది. పదమూడో నెంబరు, బొమ్మలాయన. కాగితపు గుజ్జుతో బొమ్మలు చేసి రంగులేస్తాడు. యాభై దాటిన మనిషి, కార్యదర్శి కనబడితే చాలు, రెండు చేతులూ జోడించి నడుం వంచేస్తాడు. పొద్దున్నుంచి లెక్కేస్తే ఎనిమిది దండాలు. ఇప్పుడు బొమ్మ ముక్కుకు ఎర్రరంగు దిద్దుతూ, మధ్యమధ్య తలెత్తి నల్ల టెంటు చిల్లు వైపే చూస్తున్నాడు.

"చూశావా వాణ్ణి? వాడే."

"ఊరుకోండి అత్తయ్యా. పాపం, ఆయన నోట్లో నాలుక లేని మనిషి."

"నాలుక లేనివాడే చెవిలో ఊదుతాడు. నడుం అలా వంచీ వంచీ వాడికి వెన్నెముక ఎక్కడుందో మరిచిపోయుంటాడు."

అతనికి వినపడేలాగే అంది. బొమ్మలాయన తల దించుకుని బొమ్మ ముక్కు మళ్ళీ దిద్దాడు.

*

మర్నాడు ఎండ. జనం వచ్చారు. కోడలు రాత్రి ఇంటి నుంచి తెల్ల దుప్పటి ఒకటి పట్టుకొచ్చి టెంటు ముందు అంచుకు పిన్నీసులతో తగిలించింది, కాస్తయినా తెల్లగా కనపడుతుందని. గొడుగులమ్మకు అది చూస్తే ఒళ్ళు మండింది.

"దుప్పటి కప్పితే కాకి కొంగవుతుందటే?"

"చోటు పోతే మీరిస్తారా అత్తయ్యా ఇంకో చోటు?" అంది కోడలు. "మీకేం, ఏ మెట్ల కింద కూచున్నా గొడుగులొస్తాయి. నా పుస్తకాలు ఎవడు కొంటాడు అక్కడ?"

గొడుగులమ్మకు ఆ మాట నిజమే కాబట్టి ఇంకా ఒళ్ళు మండింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు కోడలు ఆ దుప్పటికి పిన్నీసులు మీద పిన్నీసులు గుచ్చింది.

మధ్యాహ్నం బొమ్మలాయన ఒక సీసాలో మంచినీళ్ళు పట్టుకొచ్చి బల్ల చివర పెట్టాడు.

"అక్కా, ఆ టోపీకి కుట్టు ఎలా..."

"నీ దండాలేవో నువ్వు పెట్టుకో. నా కుట్టు సంగతి నీకెందుకు? మోసుకెళ్ళి చెప్పడానికా?"

అతను సీసా అక్కడే వదిలి వెళ్ళిపోయాడు. ఆవిడకు దాహం వేస్తోంది. అయినా ఆ నీళ్ళు తాగలేదు. చెప్పుల కింద వేడెక్కిన రాయి మీద చల్లేసింది.

సాయంత్రం కార్యదర్శి బావమరిదిని, ఒక పెద్ద తాడు చుట్టను వెంటబెట్టుకొచ్చాడు. రేపు గాలి వీస్తుందని ఎవరో చెప్పారట. ముందుజాగ్రత్తగా వరసలో టెంట్లన్నీ ఒకదానికొకటి కట్టెయ్యాలట. ఐకమత్యమే బలమట. ఆ మాట ఆయన మైకులో కూడా చెప్పాడు.

"నాది కట్టొద్దు" అంది గొడుగులమ్మ. బావమరిది అప్పటికే పదమూడో టెంటు కాలికి కట్టిన తాడు ఈవిడ గొట్టానికి చుట్టేస్తున్నాడు. "బాబూ, ఒక గొడుగు తిరగబడితే ఒక్క గొడుగే పోతుంది. పది గొడుగులు కట్టేసి ఒకటి తిరగబడితే పదీ పోతాయి. వీటికి ఇటుకలే ఉన్నాయి. గాలొస్తే అన్నీ లేచి, నా గొట్టం కూడా పీక్కుపోతాయి."

"మీకు టెంట్ల గురించి ఏం తెలుసమ్మా? మా బావమరిది ఎనిమిదేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు."

"ఎనిమిదేళ్ళుగా ఎగిరిపోతూనే ఉన్నాయిగా."

కోడలు కళ్ళు మూసుకుంది. కార్యదర్శి రిజిస్టరు తీశాడు.

"రెండో హెచ్చరిక. రేపు సాయంత్రం ముఖ్య అతిథి వస్తున్నారు. గేటు పక్కనే ఈ నల్లది కనపడ్డానికి వీల్లేదు. నాలుగింటిలోగా తియ్యకపోతే మూడోది రాసేస్తా."

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదు. గొడుగులమ్మ తాడు ముడి చూసింది. ముడి కూడా సరిగ్గా వెయ్యలేదు. లాగితే ఇంకా బిగుసుకుపోయే రకం. విప్పబోతే బావమరిది అక్కడే కాపలా నిలబడ్డాడు. జనం ముందు వాడితో పెనుగులాడే వయసు కాదు తనది. వాడికి మాత్రం సిగ్గు లేదు.

*

శనివారం మూడింటికి కోడలు నోటుపుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దడం మొదలుపెట్టింది. ఏడవలేదు. ఏడిస్తే చుక్క పుస్తకం మీద పడుతుందని కాబోలు.

"దించేద్దాం అత్తయ్యా. తెల్ల టెంట్లవాళ్ళలో ఎవరినైనా అడిగితే సగం బల్ల ఇస్తారేమో."

"ఆగు."

"ఎందుకాగాలి?"

గొడుగులమ్మ పైకి చూస్తోంది. టోపీ అంచు అప్పటిదాకా మెల్లగా ఊగుతోంది. ఇప్పుడు టపటపా కొట్టుకుంటోంది. ఆవిడ పెట్టెల మూతలు వేయించి, బల్ల మధ్యకు, చిల్లు కిందికి తోయించింది. చిల్లు కిందికేమిటని కోడలు అడగబోయింది కానీ, అడిగేలోగా గాలి వచ్చింది.

మైదానం అటు చివర నుంచి వచ్చింది. మొదటి టెంటు కప్పు ఉబ్బింది, మూకుట్లో పూరీలా. ఇటుకలు జారిపడ్డాయి. అది లేచి రెండోదాన్ని లాగింది, రెండోది మూడోదాన్ని. ఐకమత్యం బ్రహ్మాండంగా పనిచేసింది. అద్దాల గాజులు, మట్టి గిన్నెలు, జనం చెప్పులు, అన్నీ ఒకదాని మీద ఒకటి. కేకలు. వెనకే వాన. తాడు బిగుసుకుంటూ ఒక్కో టెంటూ దాటి ఇటే వస్తోంది. గొడుగులమ్మ గొట్టాన్ని రెండు చేతులా కావలించుకుంది. కోడలు ఇంకో గొట్టాన్ని పట్టుకుంది.

"పోతుందత్తయ్యా!"

గొట్టం ఒక్కసారి డబ్బాతో సహా పక్కకు జరిగింది. గొడుగులమ్మ కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత ఏమీ జరగలేదు. కళ్ళు తెరిచేసరికి పదమూడో టెంటు గాల్లో పల్టీ కొడుతోంది. నల్ల టెంటు మాత్రం ఉన్నచోటే ఉంది. లోపలికి దూరిన గాలి చిల్లులోంచి పైకి దూసుకుపోతోంది, టోపీ కొట్టుకుంటోంది, వాన టోపీ మీద పడి వాలు మీదుగా జారి నాలుగు వైపులా కారుతోంది. చిల్లు కింద పెట్టెలు పొడిగా ఉన్నాయి.

జనం కిందికి దూరారు. పదిమంది, పదిహేనుమంది. నెత్తిన రిజిస్టరు పెట్టుకుని కార్యదర్శి కూడా దూరాడు. ఆయన పైకి చూశాడు. నోరు తెరుచుకుంది. చుక్క పడలేదు.

"నాలుగైంది బాబూ" అంది గొడుగులమ్మ. "దించెయ్యమంటారా?"

ఆయన వినపడనట్టు జేబు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ముఖ్య అతిథి రాలేదు.

వాన తగ్గాక అందరూ వెళ్ళిపోయారు. గొడుగులమ్మ గొట్టానికి వేలాడుతున్న తాడు ముక్క విప్పబోయి ఆగిపోయింది. తాడు తెగితే పోగులు జడ విప్పినట్టు పీచుగా వేలాడతాయి. బతుకంతా దారంతో గడిపిన ఆవిడకు ఆమాత్రం తెలుసు. ఇది పీచుగా లేదు. ఏటవాలుగా, నున్నగా, ఒక్క వేటున కోసి ఉంది.

పక్కన బొమ్మలాయన తడి నేల మీద గొంతుక్కూచుని బొమ్మలు ఏరుతున్నాడు. ముక్కులు కారిపోయాయి, కళ్ళు బుగ్గల మీదికి జారాయి. అతని మోకాలి దగ్గర కాగితం కోసే కత్తి తెరిచి పడి ఉంది.

"ఈ తాడు కోసింది నువ్వా?"

"అవునక్కా."

"ఎందుకు? నీ టెంటు నిలబడ్డానికి నా గొట్టం ఒక్కటేగా నీకు ఆధారం!"

"ఆధారమేనక్కా. కానీ నాది ఇటుక మీదున్న బతుకు, ఎలాగూ పోయేదే. కొయ్యకపోతే మీదీ పోయేది. ఒక్కటైనా నిలబడుతుంది కదా అని." ఒక బొమ్మ తల చేతిలోనే మెత్తగా విడిపోయింది. దాన్ని పక్కన పెట్టాడు. "అమ్మాయి పుస్తకాలు... నావీ కాగితమే. నాకు తెలుసు."

ఆవిడ తాడు కోసిన అంచును వేలితో తడిమింది.

"మరి ఆ ఫిర్యాదు?"

"ఏం ఫిర్యాదు? నేనా?" అతను నిజంగానే తెల్లబోయాడు. "నేను టోపీకి కుట్టు ఎలా వేశారో చూస్తున్నానక్కా. నేనూ ఒకటి కుట్టుకుందామని. అడగబోతే మీరు..."

గొడుగులమ్మ అక్కడే తడి రాయి మీద కూలబడింది. ఫిర్యాదు కార్యదర్శి నోట్లోనే పుట్టిందన్నమాట. ఆ వేడి రాయి మీద చల్లేసిన నీళ్ళు గుర్తొచ్చాయి. ఎవరెవరినో వెధవలనుకుంటూ రెండు రోజులు గడిపింది. తను కూడా ఆ లెక్కలోనే ఉందని ఇప్పుడు తెలిసింది.

"ఆ బొమ్మ ఇటివ్వు" అంది చివరికి. "గుడ్డలో చుడితే ముఖమైనా మిగులుతుంది."

*

ఆదివారం పొద్దున టెంట్లన్నీ ఏరి, వంగిన కాళ్ళు తొక్కి సరిచేసి, మళ్ళీ నిలబెట్టారు. పది గంటలకు మైకు మోగింది.

"గాలి వల్ల జరిగిన నష్టాన్ని దృష్టిలో పెట్టుకుని, కమిటీ లోతుగా ఆలోచించి, ప్రతి టెంటుకూ నడిమధ్యలో గాలి రంధ్రం ఏర్పాటు చెయ్యాలని నిర్ణయించింది!"

బావమరిది నిచ్చెన, కత్తెర, అన్నం తినే పళ్ళెం ఒకటి పట్టుకుని బయల్దేరాడు. పళ్ళెం బోర్లించి, చుట్టూ పెన్సిలుతో గీసి, కత్తిరించడం. ఒకటి, రెండు, మూడు. కత్తిరించిన గుండ్రటి ముక్కలు జాగ్రత్తగా సంచిలో వేసుకుంటున్నాడు. చివరికి కార్యదర్శి కూచునే వేదిక మీది టెంటుకు కూడా, సరిగ్గా ఆయన బల్ల పైన, ఒక చిల్లు పెట్టాడు.

టోపీలు పెట్టలేదు. ఒక్కదానికీ లేదు.

గొడుగులమ్మ చూస్తూ కూచుంది. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం గురించి వినడమే గాని, వరసగా పద్నాలుగు వాతలు కళ్ళారా చూసే భాగ్యం ఎవరికి దొరుకుతుంది? పైన మబ్బు నల్లగా కదులుతోంది.

"చెప్పండి అత్తయ్యా" అంది కోడలు. "టోపీ ఉండాలని."

"అడిగారా?"

"అడక్కపోయినా."

"రెండు రోజులు అడక్కుండానే చెప్పాగా. ఏమైంది?"

అయినా లేచింది. మంచం కింది నుంచి తెచ్చిన సంచి విప్పి, విరిగిన గొడుగొకటి తీసింది. గొడుగు గుడ్డ అసలే గుండ్రం, కత్తిరించే పని కూడా లేదు. అంచుకు నాలుగు వైపులా తాళ్ళు కుట్టి, మధ్యకు జానెడు చువ్వలు తగిలించి, బొమ్మలాయన టెంటు చిల్లు కింద స్టూలు ఎక్కింది. స్టూలు అతను పట్టుకున్నాడు. ఒక్కో ముడీ ఎలా వెయ్యాలో పైనుంచి విసుక్కుంటూ చెప్పింది. అతను తలూపుతూ విన్నాడు.

కార్యదర్శి అప్పుడే వచ్చాడు.

"తెల్ల టెంటు మీద నల్లదేమిటయ్యా? తీసెయ్. పదమూడు, మొదటి హెచ్చరిక రాయాలా?"

బొమ్మలాయన చేతులు అలవాటుగా లేచాయి. సగంలో ఆగాయి. స్టూలు వదిలితే ఆవిడ పడిపోతుంది. మళ్ళీ స్టూలు పట్టుకున్నాడు.

"రాసుకోండి సార్" అన్నాడు.

రాసుకున్నాడు. రిజిస్టరు తీసుకెళ్ళి వేదిక మీద తన బల్ల మీద తెరిచి పెట్టి, మైకు పట్టుకున్నాడు. నాలుగైనా కాకముందే వాన మొదలైంది. గాలి లేదు, హడావుడి లేదు, నిదానంగా, నిలువుగా, ఒక్కో చిల్లులోంచి ఒక్కో కుళాయి విప్పినట్టు. పన్నెండు దుకాణాల వాళ్ళు సామాను మూలలకు తోసుకుంటూ ఒకరినొకరు తిట్టుకుని, తర్వాత బావమరిదిని తిట్టారు. ఆ తర్వాత ఒక్కొక్కరే, పాత గొడుగో కొత్త గొడుగో పట్టుకుని నల్ల టెంటు దగ్గరికి వచ్చారు. గొడుగులమ్మ సూదిలో దారం ఎక్కించింది. బొమ్మలాయన తాళ్ళు కత్తిరించి అందించాడు.

కార్యదర్శి వరసను తోసుకుని లోపలికొచ్చాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చేతిలో రిజిస్టరు, దాని అంచుల నుంచి నీలం నీళ్ళు కారుతున్నాయి.

"అమ్మాయ్, ఇది బాగవుతుందా? వచ్చే ఏడాది చోట్లన్నీ ఇందులో చూసే ఇవ్వాలి."

కోడలు దాన్ని రెండు వేళ్ళతో అందుకుంది. పేజీ తిప్పబోతే పది పేజీలు కలిసి వచ్చాయి. హెచ్చరికలున్న చోట నీలం మరక తప్ప ఏమీ లేదు. కాగితం ఎప్పుడు బతుకుతుందో, ఎప్పుడు బతకదో ఆమెకు తెలుసు.

"కాదండి. గుజ్జయిపోయింది." రిజిస్టరు నేల మీద పెట్టి, పెట్టెలోంచి ఒక నోటుపుస్తకం తీసి ఆయన ముందు తెరిచింది. కలం కూడా ఇచ్చింది. మూడు రోజులుగా సార్ సార్ అన్న గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. "ఇందులో రాయండి. వేలు మాత్రం తడి చెయ్యకండి. పద్నాలుగో నెంబరు. నల్ల టెంటు. అనుమతి ఉంది."

ఆయన ఆమె వైపు చూశాడు. గొడుగులు పట్టుకుని నిలబడ్డ వరస వైపు చూశాడు. వరసంతా ఆయన వైపే చూస్తోంది. రాశాడు.

"పదమూడు కూడా" అంది గొడుగులమ్మ, సూది మీద నుంచి తలెత్తకుండా.

అది కూడా రాశాడు. రాసి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, వేదికకు కూడా ఒక టోపీ... మైకు తడిసిపోతోంది."

"వరసలో నిలబడండి బాబూ. మీ ముందు పన్నెండు మంది ఉన్నారు."

వరస చివర నల్ల టెంటు దాటి బయటికి ఉంది. కార్యదర్శి నోటుపుస్తకం తడవకుండా చొక్కా లోపల దోపుకుని, వెళ్ళి ఆ చివర నిలబడ్డాడు. బావమరిది కూడా వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాడు. గొడుగులమ్మ దారం పళ్ళతో కొరికి, "ఊ, తరవాతెవరు?" అంది.